సజ్జ మీద నుంచి మొదలుపెట్టండి: ఇంట్లో సామాను, నెత్తిన పని తగ్గించుకోవడం ఎలా

మా ఇంటికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఇల్లు ఇంత ఖాళీగా ఎట్లా పెట్టుకున్నారు?" అని. రెండోది కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు, "మీ అత్త ఏమీ అనలేదా?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను, అత్త సంగతితో సహా.

మాది కర్నూలు పాత ఊరు, హంద్రీ నదికి దగ్గర. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు చేతికందిన ప్రతిదీ మూటగట్టి సజ్జ (అటక) మీదికి ఎక్కించాం. కింద ఉన్నవి బురదలో పోయాయి. వాటి బదులు కొన్ని కొన్నాం, కొన్ని చుట్టాలు ఇచ్చారు, కొన్ని సాయం కింద వచ్చాయి. సజ్జ మీది మూటలు మాత్రం పదేళ్లు అట్లనే ఉండిపోయాయి. తర్వాత ఒకరోజు దించి చూస్తే టిఫిన్ డబ్బాలే 31 తేలాయి, ఇంట్లో ఉన్నది ఐదుగురం. ఆ పదేళ్లలో ఆ మూటల్లో ఏముందని ఒక్కరోజు కూడా ఎవరమూ అడగలేదు, దేనికోసమూ వెతుక్కోలేదు. నాకు విషయం అర్థమైంది అప్పుడే.

ఏమేం కావాలి

- నాలుగు ఖాళీ గోతాలు. సిమెంటు సంచులైనా పర్వాలేదు, దులిపి వాడండి.
- ఒక మార్కర్ పెన్ను, ఒక నోటుబుక్కు.
- వేలాడదీసి తూచే చిన్న కాటా. పాత సామాను అమ్మేటప్పుడు దీనికి పెట్టిన డబ్బు ఒక్కసారికే వచ్చేస్తుంది.
- టార్చిలైటు, మందపాటి గ్లౌజులు, ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు.
- కదలని నిచ్చెన, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి. ఆ మనిషి చుట్టం కాకపోతే ఇంకా మేలు, ఎందుకంటే చుట్టానికి ప్రతి గిన్నె వెనకా ఒక కథ గుర్తొస్తుంది.

ఆదివారం పొద్దున రెండు గంటల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు అనుకోండి. ఒక్కరోజులో తేల్చేద్దామని ఇల్లంతా నడి ఇంట్లో కుప్ప పోసుకుంటే రాత్రికి పడుకోవడానికి చోటుండదు, అప్పుడు కోపంలో అన్నీ మళ్లీ ఎక్కడివి అక్కడ తోసేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో అసలు పెట్టుకోవద్దు. మన ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో స్లాబు కింద సజ్జ దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతాయి. సంక్రాంతి అయ్యాక మొదలుపెడితే ఉగాదికి సున్నం వేసే టైముకు ఇల్లు తయారుగా ఉంటుంది.

1. పైనుంచి కిందికి రండి

చాలామంది వంటింటి నుంచి మొదలుపెట్టి మొదటిరోజే ఆగిపోతారు, రోజూ వాడే వస్తువు దగ్గర తేల్చుకోవడం కష్టం కాబట్టి. సజ్జ, మంచాల కింద, బీరువా పైన, ముందు ఈ మూడూ చూడండి. అక్కడున్నవి లేకపోయినా రోజు గడుస్తోందని మీకు ఇప్పటికే తెలుసు.

జాగ్రత్త: పాత గోతాల్లో, కాగితాల కట్టల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి. ముందు కర్రతో తట్టండి, టార్చి వేసి చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. పొరపాటున తేలు కుడితే మంత్రం వేయించుకుంటూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి, చిన్నపిల్లలైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు.

2. నాలుగు గోతాలకు పేర్లు రాయండి

వాడతాం, ఇస్తాం, అమ్ముతాం, తెలియదు. ప్రతి వస్తువూ చేతిలోకి తీసుకున్నాక ఏదో ఒక గోతంలో పడాల్సిందే, పక్కన పెట్టడం లేదు.

నాలుగో గోతమే అన్నిటికన్నా పనికొచ్చేది. "తెలియదు" అన్నవన్నీ అందులో వేసి, మూతి కట్టి, దాని మీద తేదీ రాసి పెట్టండి. లోపల ఏముందో నోటుబుక్కులో రాసుకోవద్దు, రాసుకుంటే దాన్ని చదివి మళ్లీ ఆశ పడతారు. వచ్చే ఏడాది ఉగాది దాకా ఆగండి. ఏడాది తిరిగితే ఎండాకాలం, వానాకాలం, పండగలు, పెళ్లిళ్లు అన్నీ ఒక చుట్టు అయిపోతాయి కదా. ఈలోగా దేనికోసమైనా గోతం విప్పారా, ఆ వస్తువు ఇంట్లో ఉంటుంది. మిగతాది విప్పకుండానే ఇచ్చేయండి. ఒకవేళ ధైర్యం చాలకపోతే విప్పి ఒక్కసారి చూడండి, డబ్బు, నగ, కాగితం ఏదైనా పొరపాటున పడిందేమో అని మాత్రమే.

3. గిన్నెలు (ఇక్కడ ఎక్కువసేపు పడుతుంది)

మన ఇళ్లు నిండిపోవడానికి మనం కొన్నవాటికంటే మనకు పెట్టినవే ఎక్కువ కారణం. పెళ్లికొక బేసిన్, గృహప్రవేశానికొక హాట్‌ప్యాక్, పుట్టినరోజుకొక స్టీలు డబ్బా. వాటి మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చెక్కి ఉంటాయి. పేరు చెక్కిన గిన్నెను తీసెయ్యాలంటే ఆ మనిషినే ఇంట్లోంచి పంపేస్తున్నట్టు ఉంటుంది, అందుకే ఎవరూ తియ్యరు.

మా అత్తతో గొడవ మొదలైంది సరిగ్గా ఇక్కడే. నేను మొదటిసారి చేసిన తప్పు ఏంటంటే, ఆమె ఊరికి పోయినప్పుడు ఆమె గిన్నెలు కూడా గోతంలో వేశాను. తిరిగి వచ్చాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "యాడన్నా పనికొస్తాదని పెట్టుకుంటి గదమ్మా, నన్ను ఒక్క మాట అడగద్దా?" అంది నాలుగో రోజు. ఆమె అన్నది నిజమే. అన్నీ వెనక్కి తెచ్చిపెట్టి, మళ్లీ ఇట్లా చేశాను: గిన్నెలన్నీ చాప మీద పరిచి, "అత్తా, వీటిలో నీకు ఎంతో ఇష్టమైనవి ఐదు తియ్యి, వాటి జోలికి ఎవరూ రారు" అన్నాను. ఆమె ఆరు తీసింది, ఒక్కొక్కదాని కథా చెప్పింది, నేను కూర్చొని విన్నాను. ఆ తర్వాత మిగతావి ఎవరికి ఏది ఇవ్వాలో ఆమే చెప్పడం మొదలుపెట్టింది, మనవరాలి పెళ్లికి రెండు, పక్కవీధిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు నాలుగు. ఇంకొకరి వస్తువు మీ చేత్తో తియ్యొద్దు. ఈ మొత్తంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

లెక్క ఎట్లా వేసుకోవాలి? ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కంచాలు, అన్ని గ్లాసులు, వాటికి తోడు ఒక నలుగురు చుట్టాలకు. వంట గిన్నెల్లో రెండు నెలల్లో పొయ్యి ఎక్కినవి. అంతకంటే పెద్ద వంట ఉంటే సామాన్లు బాడుగకు దొరుకుతాయి, ఏడాదికి రెండుసార్ల కోసం యాభై మందికి వండే డేగిసా ఇంట్లో మోయాల్సిన పని లేదు.

తీసెయ్యకూడనివి కూడా చెప్తాను. నీళ్ల డ్రమ్ములు, బిందెలు. ఇల్లు ఖాళీ చేయడం గురించి చెప్పే వీడియోల్లో ఉండేది 24 గంటలూ కుళాయి వచ్చే ఊళ్లు, అది చూసి మన దగ్గర డ్రమ్ము అమ్మేస్తే ఎండాకాలంలో తెలుస్తుంది. సంగటి గెలికే తెడ్డు, గిన్నె కూడా ఉంచండి, కుక్కర్‌లో చేసిన సంగటి సంగటే కాదు (ఇది నా అభిప్రాయం, మా ఆయన ఒప్పుకోడు).

అమ్మేటప్పుడు: రాగి వేరు, ఇత్తడి వేరు, స్టీలు వేరు, అల్యూమినియం వేరుగా పెట్టండి. కలిపి ఇస్తే అన్నిటికీ తక్కువ రేటే కడతారు. ఇంట్లోనే తూచి బరువు రాసుకొని, రెండు అంగళ్లలో రేటు అడిగి, ఆ తర్వాత ఇవ్వండి.

ఇంకో ఉచ్చు ఉంది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామని వీధిలోకి వస్తారు చూడండి, పది చీరలు పోయి ఒక బేసిన్ వస్తుంది. సామాను తగ్గించడానికి కూర్చుని సామాను తెచ్చుకోవడం ఇదే. ఇవ్వాలనిపిస్తే బదులుగా ఏమీ తీసుకోకుండా అవసరం ఉన్నవాళ్లకు ఇచ్చేయండి.

4. బట్టలు

ఏవి తీసెయ్యాలో ఆలోచించకండి, బీరువానే చెప్తుంది. ఉతికి మడతపెట్టినవి ఎప్పుడూ వరుసకు కుడివైపే పెట్టండి. మూడు నెలల తర్వాత ఎడమ మూలకు చేరి కదలనివి ఏవో కనిపిస్తాయి. పండగ బట్టలు, చలికోట్లు, పెళ్లి పట్టు చీర దీనికి లెక్కలోకి రావు.

రవికె గుడ్డల సంగతి ఏమిటంటే, అవి ఎవరూ కుట్టించుకోరు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. ఒక చిన్న పెట్టె పెట్టి, పెట్టె నిండితే ముందు అందులోంచే తాంబూలానికి వాడండి, కొత్తవి కొనొద్దు. ఎవరు ఇచ్చారో చిన్న చీటీ గుచ్చడం మర్చిపోకండి, లేకపోతే వాళ్లది వాళ్లకే వెళ్తుంది, నాకు ఒకసారి అయింది.

పాత పట్టు చీరలు వీధిలో అడిగినవాళ్లకు వెంటనే ఇవ్వొద్దు. పాతకాలపు జరీ అంటే వెండి తీగకు బంగారు పూత, మీ ధర్మవరం చీర అంచులో నిజంగా వెండి ఉండొచ్చు. రెండు మూడు చోట్ల చూపించి అడగండి. మెత్తబడిన నూలు చీరలతో బొంత కుట్టించుకోవచ్చు, కానీ రెండు బొంతలు చాలు. "బొంత కుట్టిస్తాం" అని ఐదేళ్లుగా పెట్టిన మూట ఉంటే అది బొంత కాదు, మూటే.

ఇచ్చేవి ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి ఇవ్వొద్దు, అవి ఇల్లు తుడిచే గుడ్డలకే.

5. కాగితాలు

ముందు తీసి వేరే పెట్టాల్సినవి: రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకాలు, పదో తరగతి మొదలు అన్ని మార్కుల మెమోలు, జనన మరణ ధ్రువపత్రాలు, బీమా బాండ్లు, పింఛను కాగితాలు, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం. వీటికి ఒకటే ఫైలు, నీళ్లు పోని కవరులో, నేలకు ఎత్తుగా. వరదలో దస్తావేజులు ఎండబెట్టుకున్నవాళ్లం మేం, ఈ ఒక్క విషయంలో నాకు వాదన లేదు. డిజిలాకర్‌ అనే ప్రభుత్వ యాప్‌లో వచ్చేవి దించుకోండి, కానీ అవి ఉన్నాయని ఒరిజినల్స్ పారెయ్యొద్దు.

పన్ను, పెద్ద కొనుగోళ్ల రసీదులు నేను ఏడేళ్లు ఉంచుతాను. వారంటీ అయిపోయిన కార్డులు, పాత కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు కాటాకే.

ఆధార్ జిరాక్సులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం ముక్కలుగా చింపకుండా అమ్మొద్దు. ఒక సాయంత్రం మేం తెచ్చుకున్న మిరపకాయ బజ్జీ పొట్లం విప్పితే ఎవరిదో ఫోటో, పుట్టిన తేదీ, ఫోన్ నంబరుతో అప్లికేషన్ ఫారం, నూనె మరకల మధ్య స్పష్టంగా కనబడుతోంది.

6. మిద్దె మీద

విరిగిన కుర్చీ, పగిలిన కుండీ, పాత టైరు, మూత లేని డబ్బా. వీటిలో వాన నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అయి ఎగురుతుంది. వీటి గురించి ఆలోచించాల్సింది ఏమీ లేదు, దించి పంపెయ్యండి.

భోగి మంటలో వేద్దాం అనుకుంటారు కొందరు. కట్టె వరకే. ప్లాస్టిక్, టైరు, రెగ్జిన్ కాల్చొద్దు, ఆ పొగ మీ ఇంట్లోకే వస్తుంది. పాత ఫోన్లు, బ్యాటరీలు, సీఎఫ్ఎల్ బల్బులు చెత్తబండిలో కలపకుండా వేరే సంచిలో ఇవ్వండి, ఆ బల్బుల్లో పాదరసం ఉంటుంది. ఫోన్ ఇచ్చేముందు సిమ్, కార్డు తీసి, లోపలివన్నీ చెరిపెయ్యండి.

7. మళ్లీ రానివ్వకండి

ఇది చెయ్యకపోతే పై ఆరూ దండగ. నాకు మొదటిసారి ఏడాదిన్నరలో ఇల్లు మళ్లీ నిండింది.

కొనాలనిపించినది నోటుబుక్కులో తేదీ వేసి రాయండి, పదిహేను రోజులు ఆగండి. నా పుస్తకంలో మూడు వంతులు పదిహేనో రోజుకు నాకే నవ్వొచ్చేవి. పాడైపోయి వెంటనే కావాల్సినవాటికి, మిక్సీ కాలిపోవడం లాంటివాటికి, ఈ నియమం లేదు.

మీ ఇంట్లో శుభకార్యం ఉంటే పిలిచేటప్పుడే చెప్పండి, సామాన్లు తేవద్దని. మొహమాటంగా ఉంటుంది, నిజమే, రెండో ఇంటికి వచ్చేసరికి అలవాటవుతుంది. మీరు పెట్టేటప్పుడు వాడితే అయిపోయేవి పెట్టండి. నేను ఇప్పుడు గానుగ నూనె, లేకపోతే బుడ్డలతో (వేరుశనగలతో) చేసిన ఉండలు తీసుకుపోతున్నాను. మా బంధువుల్లో ఒకావిడ మొదట మూతి తిప్పింది, పోయిన పెళ్లికి ఆవిడే నూనె సీసా తెచ్చింది.

8. ఇక పనులు

సామాను తగ్గి, పరుగు తగ్గకపోతే ఏం లాభం. ఒక వారం రోజులు మీరు చేసే ప్రతి పనీ రాయండి, ఫోన్‌తో సహా. తర్వాత "ఇది ఆపేస్తే ఎవరు అడుగుతారు?" అని ప్రతిదాని పక్కనా రాయండి. ఎవరూ అడగనివి ముందు ఆపండి.

ఫంక్షన్లు: కార్డు వచ్చిన ప్రతిదానికీ పోవాలంటే మాఘమాసంలో ఇంట్లో ఉండరు. మేం పెట్టుకున్న పద్ధతి, దగ్గరివాళ్లకు ఇద్దరం పోతాం, మిగతావాటికి ఒకరం పోయి చదివించి భోంచేసి వస్తాం, ఇంకా దూరమైతే ఫోన్ చేసి చెప్పి చదివింపులు పంపిస్తాం. పలకరింపు మాత్రం మానొద్దు. పెళ్లికి రాలేదని మర్చిపోతారు, చావుకి రాలేదని మర్చిపోరు.

బ్యాంకు ఖాతాలు: రెండేళ్లు మీ లావాదేవీ లేకపోతే ఖాతా ఇనాపరేటివ్ (వాడకంలో లేనిది) అవుతుంది, పదేళ్లు దాటితే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరి నిధికి పోతుంది (తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు, తిరగాలి). వాడనివి మూసెయ్యండి, కానీ మూసేముందు గ్యాస్ సబ్సిడీ లాంటి ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడుతోందో చూడండి. ఆధార్‌కు మ్యాప్ అయిన ఒక్క ఖాతాలోకే ఆ డబ్బు వస్తుంది. నేను చూడకుండా మూసి రెండు నెలలు తిరిగాను.

సిమ్‌లు: ప్రభుత్వం పెట్టిన సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనిపిస్తాయి. వదిలేసిన నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తారు, కాబట్టి బ్యాంకులోనూ ఆధార్‌లోనూ నంబరు మార్చాకే వదలండి. అట్లనే యూపీఐ యాప్‌లో ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యేది) అని ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి, ఎప్పుడో ఒక్క నెల కోసం తీసుకున్నవి ఇప్పటికీ డబ్బు కోసుకుంటూ ఉంటాయి.

వంట: పొద్దున టిఫిన్‌కు వారాల వారీగా ఒకటే చీటీ. మంగళవారం, శుక్రవారం మాకు ఉగ్గాని. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, తాలింపులో వేస్తే అయిపోతుంది, ఒకటే బాణలి తోముకోవాలి. "రేపేం చెయ్యాలి" అన్న టెన్షన్ పోయింది, పిల్లలు మొదట గునిశారు, ఇప్పుడు వాళ్లే రోజు చూసి టిఫిన్ పేరు చెప్తారు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

సర్దుకోవడానికని ముందే ప్లాస్టిక్ డబ్బాలు కొనడం. అన్నీ తీసేశాక చూడండి, ఇంట్లో ఖాళీ డబ్బాలే మిగులుతాయి.

"అమ్ముతాం" గోతాన్ని మంచి రేటు కోసం నెలలు నెలలు పెట్టుకోవడం. వచ్చే రెండో ఆదివారానికి పోకపోతే ఉన్న రేటుకు ఇచ్చెయ్యండి.

అమ్మవాళ్లింట్లో పెట్టి రావడం. అది తగ్గించడం కాదు, వాళ్ల సజ్జ నింపడం.

పని అయిందో లేదో ఎట్లా తెలుస్తుంది

సాయంత్రం దీపం పెట్టే టైముకు గడియారం చూసి ఇల్లు ఊడవడం మొదలుపెట్టండి. ఏదీ జరపకుండా, పైకి ఎత్తకుండా ఊడ్చి రాగలిగితే సామాను సరిపోయింది. మాకు ముందు అరగంట పట్టేది, ఇప్పుడు పది నిమిషాలు. రెండో పరీక్ష, ఇంట్లో ఎవరినైనా టార్చిలైటో కత్తెరో తెమ్మనండి. మిమ్మల్ని అడగకుండా తెస్తే మంచిది, "యాడుంది?" అని వంటింట్లోకి వస్తే ఇంకా పని మిగిలింది. మూడోది, చెప్పకుండా చుట్టాలొస్తే మంచం మీద బట్టలు ఎత్తి ఇంకో గదిలో పడెయ్యాల్సి వస్తోందా?

తీసేశాక బాధపడినవి ఉన్నాయా అంటే, రెండున్నాయి. ఒకటి మా ఆయన పాత రేడియో, పనిచెయ్యదు, అయినా ఇప్పటికీ దెప్పుతాడు. రెండోది పెద్ద జల్లెడ, సంక్రాంతికి అరిసెల పిండి జల్లించేటప్పుడు గుర్తొచ్చింది. అది పక్కింట్లోనే ఉంది, నేను ఇచ్చిందే. పోయి తెచ్చుకొని, పని అయ్యాక నాలుగు అరిసెలు పెట్టి తిరిగి ఇచ్చాను.